ఆ బాబు కాళ్లు

ఒసే రమా,

జవాబు ఆలస్యమైందని తిట్టుకో, కానీ ముందు చదువు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. మన ఉప్మా మేడమ్ రిటైరైంది, సన్మానంలో టిఫిన్ ఏం పెట్టారో నీకు చెప్పక్కర్లేదు.

అసలు సంగతికొస్తా. ఫోన్‌లో అయితే మధ్యలో ఏడ్చేస్తాను.

మొన్న సాయంత్రం మా వార్డుకి రెండేళ్ల బాబుని తెచ్చారు. పాదాలు కాలాయి. వేడినీళ్ల బకెట్ ఒలికిందంది తల్లి, అదీ ముందురోజు! గుడ్డ విప్పితే రెండు కాళ్లకీ చీలమండ పైన ఒకే ఎత్తున ఆగింది కాలిన చోటు, మేజోళ్లు తొడిగినట్టు. ఒలికితే చింది ఎక్కడో ఒక చుక్కైనా పడాలి కదే? తనంతట తానే కాలు పెడితే అరిచి లాక్కుంటాడు గానీ రెండోది కూడా పెడతాడా? ఎవరో పట్టుకుని ముంచితే తప్ప... తండ్రినడిగితే పొయ్యి మీది గిన్నె పడిందన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మా పీజీ డాక్టరమ్మ మాత్రం గొంతు పెంచలేదు. ముందు నొప్పికి మందు, డ్రెస్సింగ్. తర్వాత అడ్మిట్ చేయించింది, ఇంటికి పంపకుండా. "వాళ్లు అన్న మాటలు అన్నట్టే, టైమ్ వేసి కేస్ షీట్‌లో రాయండి సిస్టర్, మన అభిప్రాయం వద్దు" అంది. ఫొటోలు, రక్తం గడ్డకట్టే పరీక్షలు, ఒళ్లంతా ఎక్స్‌రేలు. ఎడమ చెయ్యి ఎముక ఎప్పుడో విరిగి అతుక్కుంటోంది! దాని మాటే ఎవరూ ఎత్తలేదు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఆమధ్య ఓ స్టూడెంట్ పసిబిడ్డ నడుము మీది నీలిమచ్చ చూసి కొట్టారని గోల చేసింది. అది పుట్టుకతో వచ్చేదే, పాపం ఆ తండ్రి ముఖం చూడాలి. ఫిట్స్ తగ్గాలని పొట్టమీద వాతలు పెట్టించే నాయనమ్మలు సరేసరి, ఆవిడకి ప్రేమే, బిడ్డకి గాయమే. ఏమనాలో నాకు ఇప్పటికీ తెలీదు.

ఒక సీనియర్ "ఇంటి గొడవ, కోర్టుల చుట్టూ తిరగలేం" అని నసిగాడు. డాక్టరమ్మ వినలేదు, ఎమ్మెల్సీ, అదే పోలీసులకు తెలపాల్సిన మెడికో లీగల్ కేసు కాగితం, రాసి ఆసుపత్రి పోలీస్ అవుట్‌పోస్ట్ కానిస్టేబుల్‌కి పంపింది, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయించింది. అదే పిల్లల మీద లైంగికదాడి అనుమానమైతే, వాళ్లని కాపాడే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పకపోవడమే నేరం, ఆరు నెలల దాకా జైలో, జరిమానానో, రెండూనో. వైద్యానికి ముందు పోలీసు కాగితం అడగడానికీ వీల్లేదు. నసిగేవాళ్లకి ఇది గోడమీద అంటించాలి!

రాత్రి కౌన్సిలర్ తల్లితో విడిగా కూర్చుంది. పక్క తడిపాడని మొగుడు ముంచాడట. తను ఆపబోతే... సరే, అది వదిలెయ్. సాయంత్రం దాకా ఆవిడ మీద ఎంత కోపంగా ఉన్నానో, అంతా ఎటో పోయింది.

ఇప్పుడు బాలల సంక్షేమ కమిటీ చూస్తోంది, అమ్మమ్మకి అప్పగిస్తారేమో, ఇంకా తేలలేదు. బాబు నిన్న నా ఐడీ కార్డు నమిలాడు. నీ ఇడ్లీ మొగుడి కథ తర్వాత, నైట్ డ్యూటీ ఆటో హారన్ కొడుతోంది, ఇంకా జడ కూడా...

నీ
పద్దు