తెలుగు అక్షరం ఆలస్యమవుతోందా? ముందు కొలవండి

సంపాదకులకు నమస్కారం.

పాత కంప్యూటర్లలో లినక్స్ వేసి బళ్ళకూ గ్రంథాలయాలకూ ఇచ్చేవాళ్ళకు ఒక ఫిర్యాదు మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది: తెలుగు కొడుతుంటే అక్షరాలు వెనకబడి పడుతున్నాయని. రామ్ పెంచమని కొందరు, లినక్స్ తీసేయమని కొందరు సలహా ఇస్తారు. రెండూ ఊహలే. ఆలస్యం ఎక్కడ పుడుతోందో కొలిచి చూస్తే చాలాసార్లు ఖర్చు లేకుండానే సరిచేయవచ్చు. కంప్యూటర్లు నిర్వహించే పాఠకుల కోసం, ముఖ్యంగా ఇక్కడ బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేస్తున్న మన తెలుగువాళ్ళ కోసం ఆ పద్ధతి రాస్తున్నాం.

కీ నొక్కిన క్షణం నుంచి అక్షరం తెర మీదికి వచ్చేదాకా చాలా అంచెలున్నాయి. కీ లోపలి లోహపు పలకలు తాకగానే కాసేపు అదురుతాయి. ఆ అదురు తగ్గేదాకా కీబోర్డు ఆగాలి. క్యూఎంకే అనే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్‌లో (కీబోర్డు లోపల నడిచే ప్రోగ్రామ్‌లో) ఈ ఆగే సమయం మామూలుగా 5 మిల్లీసెకన్లు. చవక కీబోర్డును కంప్యూటరు సాధారణంగా 8 మిల్లీసెకన్లకోసారి అడుగుతుంది, నొక్కిన సంగతి అప్పుడే తెలుస్తుంది. తర్వాత కెర్నెల్ (లినక్స్ మూల భాగం), డిస్‌ప్లే సర్వర్ (తెర మీద కిటికీలను చూపేది), తెలుగు ఇన్‌పుట్ మెథడ్ (కీలను తెలుగు అక్షరాలుగా మార్చేది), మనం రాస్తున్న ప్రోగ్రామ్. చివర్లో తెర. 60 హెర్ట్జ్ తెర 16.7 మిల్లీసెకన్లకోసారి మాత్రమే మారుతుంది. ఏ లోపమూ లేని యంత్రంలో కూడా ఇవన్నీ కలిసి పదుల మిల్లీసెకన్లు అవుతాయి. అంతవరకు వేలికి తెలియదు. అప్పుడప్పుడు రెండు మూడు వందలకు ఎగబాకితేనే ఇబ్బంది.

మొదట ఇవ్‌టెస్ట్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను అడ్మిన్ హక్కులతో నడిపి, మీ కీబోర్డును ఎంచుకోండి. ప్రతి నొక్కుకూ ఒక వరుస వస్తుంది, అందులో సమయం మైక్రోసెకన్ల దాకా ఉంటుంది. నొక్కితే విలువ 1, వదిలితే 0, పట్టి ఉంచితే 2. ఒకే కీకి 1, 0, 1 అని కొన్ని మిల్లీసెకన్ల తేడాలో వస్తే అది వేలి పని కాదు, స్విచ్ అరిగిందనో దుమ్ము పట్టిందనో అర్థం. ఆ కీబోర్డు మార్చాల్సిందే. పట్టి ఉంచకపోయినా 2 వస్తోందంటే కొట్టేవారు వేలు నెమ్మదిగా తీస్తున్నారు. కీని పట్టి ఉంచినట్టు లెక్కించడానికి కెర్నెల్‌లో గడువు 250 మిల్లీసెకన్లే. డెస్క్‌టాప్‌కు తన సొంత గడువు ఉంటుంది; సెట్టింగుల్లో ఆ కీ రిపీట్ గడువును 600 చేస్తే ‘కకక’ పడటం తగ్గుతుంది. ఒక జాగ్రత్త: ఇవ్‌టెస్ట్ చూపే సమయం కెర్నెల్‌కు వార్త అందిన సమయం. వేలు కీని తాకిన సమయం కాదు, తెర మీద అక్షరం పడిన సమయమూ కాదు. ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే సగం వాదనలు తెగవు.

కాసేపు ఊరుకున్నాక కొట్టిన మొదటి అక్షరం మాత్రమే ఆలస్యమైతే, లేదా అసలు పడకపోతే, కరెంటు పొదుపు సెట్టింగును చూడండి. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎక్కువసేపు రావాలని పవర్‌టాప్ అనే కరెంటు పొదుపు ప్రోగ్రామ్‌లో ఆటో ట్యూన్ నడిపినవాళ్ళకు ఇది బాగా జరుగుతుంది. కెర్నెల్ మామూలుగా కీబోర్డును నిద్రపుచ్చదు, ఆ ట్యూనింగ్ నిద్రపుచ్చుతుంది. ఆ యూఎస్‌బీ పరికరం ఫోల్డర్‌లోని పవర్ కంట్రోల్ ఫైలులో ‘ఆటో’ ఉంటే ‘ఆన్’ అని మార్చండి. రీబూట్ చేసినా నిలవాలంటే యూడెవ్ నియమం (పరికరం తగిలినప్పుడల్లా లినక్స్ అమలు చేసే సెట్టింగు) రాసి పెట్టాలి.

కీబోర్డు దాటాక అయ్యే ఆలస్యమంతా తెలియాలంటే తెరను కంటితో కాకుండా సెన్సార్‌తో చూడాలి. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో దొరికే రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న కంప్యూటర్ బోర్డు, వెలుతురును పసిగట్టే ఒక ఫోటోట్రాన్సిస్టర్, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ చాలు. అన్నీ కలిపి వెయ్యి రూపాయలు దాటవు. ఫోటోట్రాన్సిస్టర్ కలెక్టర్‌ను 3.3 వోల్టులకు, ఎమిటర్‌ను పికోలోని జీపీ26 పిన్‌కు కలిపి, ఆ పిన్ నుంచి రెసిస్టర్‌ను గ్రౌండ్‌కు ఇవ్వండి. అందుకు తగిన ప్రోగ్రామ్ వేస్తే పికో తానే యూఎస్‌బీ కీబోర్డుగా నటించి కీ పంపుతుంది, తెర వెలుతురు మారేదాకా సమయం లెక్కిస్తుంది, తర్వాత బ్యాక్‌స్పేస్ పంపుతుంది. ఫోటోట్రాన్సిస్టర్‌కు బదులు ఎల్‌డీఆర్ (వెలుతురును బట్టి నిరోధం మారే చవక సెన్సార్) కొనకండి. అది వెలుతురుకు స్పందించడానికే పదుల మిల్లీసెకన్లు పడుతుంది, మీరు దాన్నే కొలిచినట్టవుతుంది.

కొలతను చెడగొట్టేవి ఇంకా ఉన్నాయి. తెర వెలుగు తగ్గిస్తే చాలా తెరల్లో బ్యాక్‌లైట్ మిణుకుతుంది, కాబట్టి నూరు శాతం పెట్టండి. కర్సర్ మెరవడం ఆపేయండి. నల్లని నేపథ్యం మీద పెద్ద సైజు తెల్లని అక్షరం పెట్టి, సెన్సార్‌ను ప్రతిసారీ ఒకేచోట అతికించండి. తెర పైనుంచి కిందికి గీసుకుంటూ వస్తుంది గనక పై మూలకూ కింది మూలకూ పదిహేను మిల్లీసెకన్ల దాకా తేడా రావచ్చు. నొక్కుల మధ్య విరామం సరిగ్గా అర సెకను పెట్టకూడదు. అర సెకనులో 60 హెర్ట్జ్ తెర సరిగ్గా 30 సార్లు మారుతుంది, దాంతో ప్రతి నొక్కూ ఫ్రేములో ఒకే చోట పడి అంకెలన్నీ అబద్ధంగా ఒకేలా వస్తాయి. 300 నుంచి 700 మిల్లీసెకన్ల మధ్య ఇష్టమొచ్చినట్టు మారుతూ ఉండాలి. వెయ్యి నొక్కులు తీసుకుని చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసలో పేర్చి, 500వదీ 990వదీ రాయండి. సగటు రాస్తే అప్పుడప్పుడు పడే పెద్ద ఆలస్యాలు అందులో మునిగిపోతాయి, మనిషిని విసిగించేవి అవే.

ఇదంతా ఇంగ్లీషు ‘ఎ’ కొట్టి చూస్తే సగం పనే. ‘లక్ష్మి’ అని ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్‌లో కొట్టాలంటే ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు కీలు. చివరి గుడి పడగానే అంతకుముందు ఐదు కోడ్‌లతో కలిపి ‘క్ష్మి’ని కొత్తగా అమర్చాలి. అక్షరాల ఆకారాలను అమర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీకి ఇది చిన్న పనే, భారం ఎక్కువగా ఇన్‌పుట్ మెథడ్ దగ్గర పడుతుంది. లినక్స్‌లో కీబోర్డు లేఅవుట్లను చూసే ఎక్స్‌కేబీలోని తెలుగు లేఅవుట్ ఎంచుకుంటే కీ నేరుగా అక్షరమైపోతుంది. ఐబస్ అనే ఇన్‌పుట్ మెథడ్‌లో లిప్యంతరీకరణ (ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రాబట్టడం) వాడితే ప్రతి కీ డీబస్ (ప్రోగ్రాముల మధ్య సందేశాల దారి) మీదుగా ఇంకో ప్రాసెస్‌కు వెళ్ళి తిరిగి రావాలి. రెండు కోర్ల యంత్రంలో బ్రౌజరు పది ట్యాబులతో నడుస్తుంటే ఆ ప్రాసెస్‌కు వంతు రావడమే ఆలస్యం. అందుకే బ్రౌజరు తెరిచి ఉంచి, రెండు పద్ధతుల్లోనూ కొలవండి. ఎక్స్‌కేబీలో బాగుండి ఐబస్‌లో 990వ అంకె ఎగబాకితే కారణం దొరికినట్టే. రెండు పద్ధతుల్లోనూ, లిబర్‌ఆఫీస్ అనే రాత ప్రోగ్రామ్‌లో మాత్రమే ఎగబాకితే, షిఫ్ట్ ఎఫ్7తో స్పెల్‌చెక్ ఆపి, పేరా పొడవు తగ్గించి మళ్ళీ చూడండి.

రియల్‌టైమ్ కెర్నెల్ (నిర్ణీత గడువులో స్పందించే కెర్నెల్) వేస్తే అంతా సర్దుకుంటుందని కొందరు నమ్ముతున్నారు. 2024లో 6.12 వెర్షన్‌తో ఆ సౌకర్యం ప్రధాన కెర్నెల్‌లో చేరిన మాట నిజం. అది కెర్నెల్ స్పందనకు హద్దు పెడుతుంది, డీబస్ దారినీ తెర ఫ్రేములనూ తగ్గించదు.

కొలిచాక ఫలితాన్ని, ఆలస్యం ఏ సాఫ్ట్‌వేర్‌లో తేలిందో ఆ ప్రాజెక్టుకు పంపండి. కెర్నెల్, డెస్క్‌టాప్, ఐబస్ వెర్షన్లు, 500వ, 990వ అంకెలు, లేఅవుట్ పేరు రాస్తే చాలు. ఇవ్‌టెస్ట్ లాగ్‌ను మాత్రం ఎవరికీ ఇవ్వకండి, మీరు కొట్టిన పాస్‌వర్డు కూడా అందులో ఉంటుంది. లిబ్‌ఇన్‌పుట్ రికార్డ్ అనే ఆదేశం మామూలుగానే కీల గుర్తులు దాచి సమయాలు ఇస్తుంది, దాన్ని పంపండి. రోజూ వాడే ఖాతాను ఇన్‌పుట్ గ్రూపులో (కీబోర్డును నేరుగా చదివే హక్కున్న గ్రూపులో) చేర్చడం కూడా ఇదే కారణంగా ప్రమాదం.

ఇంగ్లీషు కొట్టి మాత్రమే పరీక్షించిన సాఫ్ట్‌వేర్ విడుదల తెలుగువాళ్ళకు సిద్ధమైనట్టు కాదని మా గట్టి అభిప్రాయం. ఈ నగరంలో సిస్టమ్ సాఫ్ట్‌వేర్ రాసే తెలుగువాళ్ళకు పనిముట్లూ తెలుసు, భాషా తెలుసు. తాము పనిచేసే ప్రాజెక్టు పరీక్షల్లో తెలుగు లేఅవుట్‌ను ఒక వరుసగా చేర్చమని వాళ్ళను కోరుతున్నాం. బళ్ళకు కంప్యూటర్లు కొనే అధికారులకు ఇంకో విన్నపం: టెండరులో ప్రాసెసరు, రామ్, డిస్కు పక్కన ఒక షరతు పెట్టండి. బ్రౌజరు తెరిచి ఉండగా, తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో వెయ్యి నొక్కులకు 990వ ఆలస్యం 100 మిల్లీసెకన్లు మించకూడదని, ఆ పరీక్ష సరుకు స్వీకరించేముందు బడిలోనే జరగాలని.

— సిస్టమ్ సాఫ్ట్‌వేర్ రంగంలోని కొందరు తెలుగువారు,
వైట్‌ఫీల్డ్, బెంగళూరు