రమణకు, కల్యాణదుర్గం నుంచి

రేయ్ రమణా,

నీ జాబు అందింది. కాయ ఊరే టైంలో పందులు పడి శెనక్కాయ చేను తవ్విపోయినాయంటే కడుపు తరుక్కుపోయింది. అంతకంటే బాధేసింది రాత్రి కావలి కూచున్న మీ నాయన మీద అరిచినానని రాసినావే, అది. "నిద్ర కూడా పోలేదంట, మరి మంచె పక్కనే పందులు తవ్వుతాంటే ఎట్లా వినపడలే?" అని అడిగినావు. ఆయన చెప్పింది నిజమేరా. కండ్లు తెరుచుకునే ఉంటాయి, చెవులూ పనిచేస్తాంటాయి, మెదడు మాత్రం ఆలకించడం మానేసి ఉంటాది.

రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ ముందు కూచున్నోళ్లకు శత్రువుల జాడ తప్పిపోతాంటే, ఎందుకో కనుక్కోమని బ్రిటన్‌లో నార్మన్ మాక్‌వర్త్ అనే ఆయనకు అప్పజెప్పినారు. గడియారం ముల్లు మాదిరి ఒక ముల్లు గంతులేస్తా తిరుగుతాంటాది, ఎప్పుడో ఒకసారి డబుల్ గంతు వేస్తాది. అది చూసి చెప్పాల. రెండు గంటల పరీక్ష. మొదటి అరగంట దాటేసరికే తప్పులు పెరిగినాయి. 1948లో అచ్చేసినాడు. చెవితో కాచుకునే పనిలోనూ ఇదే తంతు. కుర్రోళ్లకే అట్లయితే, రాత్రంతా ఒక్కడే కూచునే పెద్దాయన సంగతేంది?

మెదడు అడుగున, కాండంలో, లోకస్ సెరూలియస్ అని చిన్న భాగం ఉండాది. నార్‌అడ్రినలిన్ అనే రసాయనాన్ని మెదడంతా పంపేది అదే. అది మరీ తగ్గితే మనిషి మబ్బుగా అయితాడు. మరీ ఎక్కువైతే ఆకు కదిలినా పందే అనిపిస్తాది, అసలు చప్పుడు ఆ గోలలో కలిసిపోతాది. మధ్యస్తంగా ఉంటేనే చెవి చురుగ్గా పనిచేస్తాది. ఆ మధ్యస్తాన్ని గంటల తరబడి నిలబెట్టుకోవడం ఎవరికీ చేతకాదు.

ఇంకోటి. కీచురాళ్ల రొద, గాలి, దూరంగా బోరు మోటరు, ఇవన్నీ ఒకే తీరుగా వస్తాంటే మెదడు వాటిని పట్టించుకోవడం మానేస్తాది. మోటరు ఆగిపోతే మాత్రం ఠక్కున తెలుస్తాది, గమనించినావా? మామూలు తప్పిన చప్పుడుకు సెకనులో నాలుగో వంతు లోపే మెదడులో ఒక విద్యుత్ అల లేస్తాదని 1978లో ఫిన్లాండ్ శాస్త్రవేత్త ఒకాయన, ఆయన తోటోళ్లు చూపించినారు. మనం వినాలని పూనుకోకపోయినా లేస్తాది. కానీ పందులు ఒక్కసారిగా దూకవు గదా, మెల్లగా తవ్వుకుంటా వస్తాయి. గాలికి ఆకులు గలగలమనేదాంట్లో ఆ చప్పుడు కలిసిపోతాది. వయసు మీద పడినాక ముందు పోయేది కీచుగా వచ్చే చప్పుళ్ల వినికిడే, అదీ లెక్కలో పెట్టుకో.

అందుకే వంతులేసుకోండి. తొలిజాము నువ్వు, తరువాత మీ చిన్నాయన కొడుకు. కూచున్నచోటే కూచోకుండా గట్టు మీద ఒక చుట్టు తిరిగి రండి. టీ ఫ్లాస్కు ఉంచుకోండి, నిద్రమత్తు తెచ్చే అడినోసిన్ అనే రసాయనాన్ని టీలోని కెఫీన్ కాసేపు అడ్డుకుంటాది.

శనివారం నేనూ వస్తాండా, నడిజాము కావలి నాది. ఆ రాత్రి నాయనను ఇంట్లోనే పడుకోమను. అంతకుముందే ఆయనతో నువ్వు మాట్లాడు.

నీ
శీనుగాడు