ఆ రెండు టన్నుల పుల్లీల సంగతి

కావలిలో మా అంగడికి వచ్చే కాంట్రాక్టర్లకు, లైన్ గ్యాంగు మేస్త్రీలకు నమస్కారం. కేబుల్ లాగే రోపును మూలల్లో తిప్పడానికి నేను అద్దెకిచ్చే హుక్కు పుల్లీల గురించి, "పుల్లీలు అద్దెకు లేవంట గదా, అంగడి ఎత్తేస్తున్నావా" అని వారం నుంచి ఫోన్లు. ఎత్తేయడం లేదు. ఊళ్ళో తలా ఒక కథ తిరిగేకన్నా జరిగింది నేనే చెబుతా.

పోయిన నెల అల్లూరు వైపు ఒక ఐస్ ఫ్యాక్టరీకి 11 కేవీ కేబుల్ లాగుతున్నారు, 185 స్క్వేర్ మిల్లీమీటర్లు, మూడు కోర్ల అల్యూమినియం. ట్రెంచి చివర ప్రహరీ అడ్డం, రోపు చుట్టి లాగే మిషను, వించి, నేరుగా పెట్టే చోటు లేదు. మూలలో మా పుల్లీ కట్టి, వైర్ రోపును పక్క సందులోకి తిప్పి లాగుతున్నారు. సగం కేబుల్ వచ్చాక పుల్లీ హుక్కు విచ్చుకుంది. పుల్లీ ఎగిరి గోడకు తగిలి చేటంత పెచ్చు ఊడింది. రోపు మలుపు లోపలి వైపు ఎవర్నీ నిలబడనివ్వని మేస్త్రి కాబట్టి ఒక్కరికీ గీత పడలేదు. దండం పెట్టాల్సింది ఆయన అలవాటుకే, నా సరుకుకు కాదు.

కాంట్రాక్టరు తమ్ముడు ఫోన్ చేశాడు. నేను పూర్తిగా వినలేదు. "మూల తిప్పితే పుల్లీ మీద లోడు రెట్టింపని ఎన్నిసార్లు చెప్పాలబ్బా నీకు" అని లేచా. స్పీకర్లో ఉందంట, గ్యాంగంతా విన్నారు. అతను మెల్లిగా "అన్నా, అది వెనక్కి తిప్పిన రోపు కాదు, ఎల్ మూల. లాగే బలం కొలిచే డైనమోమీటరు 1.2 టన్నులు చూపించింది" అని పెట్టేశాడు.

ఆ రాత్రి బిల్లుబుక్కు వెనక లెక్క వేశా. రోపు పూర్తిగా వెనక్కి తిరిగితేనే పుల్లీ మీద రెట్టింపు పడేది. ఎల్ మూలకు 1.41 రెట్లు. 1.2 టన్నులకు 1.7 లోపే. హుక్కు మీద అచ్చు గుద్దింది 2 టన్నులు. కేబుల్ సంగతీ చూశా: అల్యూమినియం కండక్టరును చదరపు మిల్లీమీటరుకు 30 న్యూటన్లకు మించి లాగకూడదు, మూడు 185లకు 16,650 న్యూటన్లు, అంటే దగ్గర దగ్గర 1.7 టన్నులు. అతను లాగింది దానికీ లోపలే. తప్పు పిల్లోడిది కాదు. అందరికీ పాఠం చెప్పే నాది. ఆ తమ్ముడికి ఇంటికెళ్ళి చెప్పా, ఇక్కడా చెబుతున్నా: క్షమించు. ఆ రోజు గ్యాంగు కూలీ నేనే కట్టా, వద్దన్నా వినలేదు.

ఇక సరుకు సంగతి. పదేళ్ళకు పైగా చెన్నైలో ఒకాయన దగ్గర నుంచి తెప్పించేవాణ్ణి. ఆయన ఈ రకం మానేశాక కొత్తాయన దగ్గర 24 పుల్లీలు తీసుకున్నా, పుల్లీకి 400 తక్కువ. టెస్టు సర్టిఫికెట్లు ఉన్నాయా అని చూశా, వాటిలో ఏముందో చూడలేదు. ఇప్పుడు పక్కపక్కన పెడితే ఇరవై నాలుగింటికీ ఒకటే నంబరు! జిరాక్సులు. మూడు పుల్లీలు నెల్లూరులో ఒక కాలేజీ ల్యాబ్‌కు తీసుకెళ్ళా. రెండు టన్నులని రాసిన హుక్కు నాలుగు టన్నుల పరీక్షకు వంకరపోకూడదు. మూడింటిలో రెండు, రెండు టన్నులు దాటకముందే నోరు తెరిచాయి.

సప్లయరు మొదట ఓవర్‌లోడ్ చేసుంటారన్నాడు. తర్వాత మీ సముద్రపు ఉప్పుగాలికి ఇనుము తినేసుంటుందన్నాడు, రెండు నెలల సరుకుకు! చివరికి "సాంపిల్ ముక్కకే టెస్టు చేస్తామండీ, అన్నిటికీ ఎవరు చేస్తారు" అన్నాడు. వాపసు కావాలంటే పెట్టెలతో సహా పంపాలంట. పెట్టెలు ఎలకలు కొరికాయి, అది వేరే సంగతి.

అసలు నిద్రపట్టనిది తర్వాత. చీమకుర్తిలో క్వారీ నడిపే పాత పరిచయం ఒకాయన "సగం ధరకు నాకిచ్చెయ్, నేను కేబుల్ లాగను గదా, రాళ్ళు జరపడానికే" అన్నాడు. దాదాపు 30 వేలు వస్తాయి. రెండు రాత్రులు అటూ ఇటూ దొర్లా. తెలిసే కొంటున్నాడు గదా, నాకేంటని ఒక మనసు. ఆయన తెలిసి కొన్నా, ఆ హుక్కు కింద నిలబడే కూలోడికి ఎవరు చెబుతారని ఇంకో మనసు. మా ఆవిడ "అమ్ముకో, కానీ తర్వాత ఇంట్లో ఆ మాట ఎత్తొద్దు" అంది. అమ్ముకో అని అనలేదని నాకు అర్థమైంది. మా నాయన పడవల మోకులు అమ్మిన అంగడి ఇది. మోకు తెగితే గొణుక్కుంటానే డబ్బు వెనక్కిచ్చేవాడు. మూడోరోజు గ్యాస్ కటింగ్ కుర్రాణ్ణి పిలిచి ప్రతి హుక్కూ మెడ దగ్గర కోయించా. పాత ఇనుము కింద వచ్చింది ఎంతో రాయను, నాకే సిగ్గు.

ఇప్పుడు సెల్ఫులో ఉన్నవి వేరే కంపెనీవి, ప్రతిదానికీ సొంత నంబరు. నంబరు, సర్టిఫికెట్ మీరే సరిచూసుకుని సంతకం పెట్టి తీసుకెళ్ళండి. హుక్కు మీద రెండు పంచ్ చుక్కలు కొట్టించా. తిరిగొచ్చినప్పుడల్లా వాటి మధ్య దూరం కొలుస్తా, అది పెరిగితే హుక్కు విచ్చుకుంటున్నట్టే. 5 శాతం పెరిగిందా, మళ్ళీ అద్దెకు పోదు. కేబుల్ కొసకు తొడిగే సాక్స్, వైరు పట్టుకునే కమ్ అలాంగ్ క్లాంపులు, రోలర్లు పాతవాళ్ళవే, వాటికి ఢోకా లేదు. రోపుకు, కేబుల్‌కు మధ్య తిరిగే కొక్కెం, స్వివెల్, లేకుండా మాత్రం వైర్ రోపు ఇవ్వను. "ఎప్పుడూ లేంది ఇప్పుడేంది" అనొద్దు. రోపు మెలి కేబుల్లోకి ఎక్కితే పోయేది మీ కేబులే.

పుల్లీ అద్దె రోజుకు 60 నుంచి 90 అయింది. డైనమోమీటరుకు అద్దె లేదు, అడక్కపోయినా బండిలో పెడతా. బైపాస్ పక్కన కొత్తంగట్లో 50కే ఇస్తున్నారని నిన్న ఒకాయన చెప్పిపోయాడు. పోవచ్చు, నేనేం అనుకోను. ఆ హుక్కు మీద నంబరుందో లేదో మాత్రం చూసి తీసుకోమన్నా. దానికి ఆయన నవ్వాడు, నాకు నవ్వు రాలేదు.

సోమవారం నుంచి పుల్లీలు దొరుకుతాయి. 14 ఉన్నాయి. పెద్ద లైన్ పని ఉన్నవాళ్ళు ముందురోజు ఒక మాట చెప్పండి.