సైకిల్ సంఘం వార్షిక నివేదిక: శేషాచలం అంచు నుంచి పులికాట్ ఒడ్డు దాకా మన మట్టిబాటలు

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశం తరువాత తిరుపతి, చిత్తూరు జిల్లాల మట్టిబాటల మీద మన సంఘం చేసిన పనిని, దాని వెనుక కార్యవర్గం తీసుకున్న నిర్ణయాలను ఈ నివేదికలో మీ ముందు ఉంచుతున్నాను. జమాఖర్చుల పట్టికను విడిగా జతపరిచాము కనుక ఇక్కడ లెక్కల జోలికి పోకుండా బాటల గురించే రాస్తున్నాను.

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడడంతో శేషాచలం అడవీ, పులికాట్ తీరమూ ఒకే జిల్లాలోకి వచ్చాయి. ఆ రెండింటి నడుమ చెరువు కట్టలు, మామిడి తోపులు, వంకల పక్కన బండిబాటలు, గరుసు పరిచిన పొలం దారులు ఉన్నాయి. సన్నని టైర్ల రోడ్డు సైకిలు ఈ నేల మీద నిలవదు, లావు టైర్ల మౌంటెన్ బైక్ మధ్యమధ్య వచ్చే తారు రోడ్డు మీద బరువవుతుంది. వంగిన హ్యాండిలు, 40 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వెడల్పున్న టైర్లు గల గ్రావెల్ బైక్ ఇక్కడి నేలకు సరిగ్గా సరిపోతుంది. మామూలు సైకిలుకు కాస్త వెడల్పు టైర్లు వేయించుకుని వచ్చిన సభ్యులు కూడా ఈ దారుల్లో ఏ ఇబ్బందీ లేకుండా తిరిగారు కాబట్టి, ఖరీదైన సైకిలు లేదని ఎవరూ వెనుకాడనక్కర లేదు.

ఈ ఏడాది కార్యవర్గం పట్టుకున్న నియమం ఒక్కటే. ఒక బాట ఎంత అందంగా ఉన్నా, దాన్ని రోజూ వాడుకునే ఊరివారూ, దానికి బాధ్యులైన శాఖవారూ సమ్మతించిన తరువాతనే అది మన పటంలోకి ఎక్కుతుంది. ఈ నియమం వల్ల కొన్ని బాటలను వదులుకున్నాము. వాటిలో శేషాచలం లోపలి బాటలు ముఖ్యమైనవి. ఈ విషయంలో సభ్యుల నుంచి అభ్యంతరాలు వచ్చాయి కనుక కారణాలను వివరంగా చెప్పవలసి ఉంది.

శేషాచలం అడవిలోని శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం 1989లో ఏర్పడింది, దాని విస్తీర్ణం సుమారు 353 చదరపు కిలోమీటర్లు. 2010లో శేషాచలాన్ని జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటి చోట్లకు అనుమతి లేకుండా వెళ్లడం నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచంలో ఈ తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. దాని దొంగ రవాణాను అడ్డుకోవడానికి అటవీ సిబ్బంది రాత్రింబవళ్లు కాపలా కాస్తున్నారు. తెల్లవారుజామున భుజాన సంచులు వేసుకుని అడవిలోంచి బయటికి వచ్చే అపరిచితులను వారు ఆపి ప్రశ్నించడం న్యాయమే. ఒక దారి గుర్తులు ఫోను ద్వారా నలుగురికి చేరితే, ఆ దారిని ఎవరు ఏ పనికి వాడుకుంటారో మన చేతుల్లో ఉండదు. అందువల్ల అడవి లోపలి బాటల గుర్తులను సంఘం పటాల నుంచి తొలగించాము, సభ్యులు కూడా వాటిని ఎక్కడా పంచుకోరాదని తీర్మానించాము. ఈ నిర్ణయం సరైనదేనని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

వాటికి బదులుగా అడవి అంచు దారిని సిద్ధం చేశాము. స్వర్ణముఖి, భీమ, కల్యాణి నదులు కలిసే తొండవాడ దగ్గర ఇది మొదలై చంద్రగిరి మీదుగా కల్యాణి డ్యాం వైపు, రంగంపేట వరకు పోతుంది. అక్కడి నుంచి భాకరాపేట కనుమ ఎక్కే భాగమంతా మలుపుల తారు రోడ్డు, పైగా లారీల రాకపోకలు ఎక్కువ. అందుచేత బృందంగా వెళ్లినప్పుడు ఆ భాగంలో సైకిళ్లను ట్రాలీ ఆటోలోకి ఎక్కించే పద్ధతి పెట్టుకున్నాము. కనుమ దాటాక నెరబైలు మీదుగా తలకోన చేరవచ్చు. తలకోన జలపాతం ఎత్తు సుమారు 270 అడుగులు. వాన వెలిసిన కొద్ది రోజులకు అక్కడికి చేరుకుంటే పడిన శ్రమంతా మరచిపోతాము. చెక్‌పోస్టు దగ్గర రుసుము చెల్లించి, సైకిళ్లను అక్కడే నిలిపి, లోపలికి నడిచే వెళ్లాలి.

దామలచెరువు, పులిచెర్ల వైపు మామిడి తోపుల మధ్య బాటలు మన దారులన్నింటిలోకీ నీడ ఎక్కువ ఉన్నవి. అయితే కోతల కాలంలో ఆ బాటలు కాయల లోడుతో వచ్చే ట్రాక్టర్లకు చెందుతాయి. ఆ నెలల్లో అక్కడికి గుంపుగా వెళ్లము, ఒకరిద్దరు వెళ్లినా బండి కనబడగానే దిగి పక్కకు జరగాలి. ఆ ప్రాంతపు తోటల్లోకి ఏనుగులు కూడా వస్తుంటాయి. అడవి పందుల కోసమని కొన్నిచోట్ల చట్టవిరుద్ధంగా కరెంటు తీగలు పెడుతున్నారు. ఈ రెండు కారణాల వల్ల అడవి అంచు దారుల్లో సూర్యోదయానికి ముందు బయలుదేరరాదని, సూర్యాస్తమయానికి ముందే ఊరు చేరాలని, బాట దిగి పొలాలకు అడ్డం పడి పోరాదని నియమం చేశాము.

ఈ నియమానికీ మన ఎండలకూ పొసగదు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దు పొడిచాక బయలుదేరితే తొమ్మిది గంటలకే ఒళ్లు కాలిపోతుంది. అందుకే వేసవిలో అడవి వైపు పూర్తిగా మాని, వేకువనే బయలుదేరగలిగే తూర్పు మైదానాల్లోకి కార్యక్రమాలను మార్చాము. ఈ మార్పు వల్లనే కాలువ కట్ట దారి, స్వర్ణముఖి దారి మనకు బాగా పరిచయమయ్యాయి.

కండలేరు జలాశయం నుంచి తమిళనాడులోని పూండి జలాశయానికి నీరు తీసుకుపోయే తెలుగుగంగ కాలువ రాష్ట్ర సరిహద్దు వరకు సుమారు 152 కిలోమీటర్లు సాగుతుంది. చెన్నైకి తాగునీటి కోసం 1983లో రెండు రాష్ట్రాల మధ్య కుదిరిన ఒప్పందం ఫలితం అది, 1996లో మొదటిసారి ఆ నీళ్లు పూండికి చేరాయి. నీళ్లు తమంతట తాము పారేలా తవ్విన కాలువ కనుక దాని గట్టు మీది బాట ఎక్కడా నిటారుగా ఎక్కదు, దిగదు. శ్రీకాళహస్తి నుంచి సత్యవేడు వైపు ఆ బాటన పోతుంటే ఒకవైపు నిండు నీళ్లు, మరొకవైపు వరిమళ్లు, దూరాన కొండల వరుస కనబడుతూ ఉంటాయి. కొత్తగా చేరినవారికి గరుసు మీద సైకిలు తొక్కడం నేర్పడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. ప్రమాదం కూడా అక్కడే ఉంది. కాలువ లోపలి వాలు నున్నగా ఉండడం వల్ల, పడినవారు ఈత వచ్చినా ఒడ్డెక్కడం కష్టం. అందుకని కట్ట మీద ఒకరి వెనుక ఒకరుగా, నీటికి దూరంగా ఉన్న అంచున మాత్రమే తొక్కాలి. ఆ కట్ట ఇంజనీర్ల తనిఖీల కోసం ఉన్నది కనుక, సంబంధిత కార్యాలయానికి ముందుగా తెలియజేయకుండా బృందాన్ని తీసుకువెళ్లరాదు.

స్వర్ణముఖి దారికి ఈ ఏడాది ఎక్కువ మంది సభ్యులు వచ్చారు. తొండవాడ నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా వాకాడు దాటి తూపిలిపాళెం తీరం వరకు 100 కిలోమీటర్లు మించే ఈ దారిని రెండు రోజులుగా విడదీశాము. చాలాచోట్ల హైవే పక్కనే ఉన్నా, ఊళ్ల మధ్య పాత బండిబాటలను కలుపుకుంటూ వెళ్తే హైవే మీద ఉండవలసిన దూరం బాగా తగ్గుతుంది. నది పొడవునా నీళ్లు ఉండవు. ఇసుక తవ్విన గోతులు బాటకు అడ్డం వచ్చినప్పుడు తోవ అడిగితే, పొలాల్లో ఉన్నవారు పని ఆపి మరీ దగ్గరుండి చూపించారు. వారిలో కొందరు సంగటి, ఊరిబిండి పెట్టి, డబ్బు ఇవ్వబోతే వద్దన్నారు. ఆ ఊళ్ల బడిపిల్లల సైకిళ్లకు బ్రేకులు, చెయిన్లు బాగు చేసే శిబిరాలు పెట్టాలన్న ఆలోచన అక్కడే పుట్టింది, దాన్ని రాబోయే సంవత్సరపు పనుల్లో చేర్చాము.

పులికాట్ విషయంలో ఒక హెచ్చరిక అవసరం. చిల్కా తరువాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు అది. వేసవిలో నీరు తగ్గి పైకి తేలిన నేల చూడడానికి గట్టిగా ఉంటుంది కానీ, పైపొర కింద బురదే. చక్రం కూరుకుపోతుంది, ఉప్పు చెయినును తినేస్తుంది. అంతకన్నా ముఖ్యంగా అక్టోబరు నుంచి మార్చి వరకు రాజహంసలు (ఫ్లెమింగోలు) మేత కోసం దిగేది ఆ చోట్లకే, మనం దగ్గరికి పోతే గుంపంతా లేచిపోతుంది. కనుక సరస్సు నేల మీదికి సైకిళ్లను దింపరాదు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వైపు సరస్సు మధ్యగా పోయే రోడ్డు మీద తనిఖీ కేంద్రానికి ముందే వెనుదిరగాలి. గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టుకునే నేలపట్టు పక్షుల అభయారణ్యం దగ్గర సైకిళ్లను బయట నిలిపి, మాట తగ్గించి నడవాలి.

శిక్షణ గురించి క్లుప్తంగా చెబుతాను. మన దారుల్లో పంక్చర్లకు ముఖ్య కారణాలు పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు. ట్యూబ్‌లెస్ టైరులో సీలెంట్ (చిల్లును లోపలి నుంచి పూడ్చే ద్రవం) పోసుకుంటే చాలా వరకు బెడద తప్పుతుంది. అయితే మన ఎండకు సీలెంట్ త్వరగా ఆరిపోతుంది కాబట్టి వేసవిలో తరచుగా చూసుకుని నింపుకోవాలి. గరుసు మీద 70 కిలోల మనిషికి 40 మిల్లీమీటర్ల టైరులో 35 పీఎస్ఐ దగ్గర గాలి చాలు, ఇసుకలో ఇంకా తగ్గించుకోవచ్చు. పాముకాటు మీద వైద్యుల చేత తరగతి పెట్టించాము. కాటు వేసిన చోట కోయరాదు, గట్టిగా కట్టరాదు, కరచిన కాలినో చేతినో కదలనీయకుండా ఉంచి 108కు ఫోను చేసి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

కౌండిన్య అభయారణ్యం వైపు, అంటే పలమనేరు, కుప్పం దారుల్లో, కార్యక్రమం పెట్టమని చిత్తూరు సభ్యులు కోరారు. అది ఏనుగుల నెలవు కనుక అటవీ అధికారులతో మాట్లాడే వరకు ఏ తేదీనీ ప్రకటించబోము. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు కట్టలూ, వంకల దాటులూ ఏటా దెబ్బతింటాయి. జనవరిలో దారులన్నింటినీ మళ్లీ తిరిగి చూసి, కోసుకుపోయిన చోట్లను పటంలో గుర్తించవలసి ఉంది. ఈ పనికి రాగలిగినవారు, ముఖ్యంగా నాయుడుపేట, సత్యవేడు, పాకాల ప్రాంతాల సభ్యులు, డిసెంబరు చివరిలోగా తమ పేర్లను కార్యదర్శికి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యవర్గం తరఫున కార్యదర్శి
తిరుపతి