ఇకిటోస్‌కు లోకంతో సంబంధం లేకపోవడమా!

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పెరూ దేశపు ఇకిటోస్ నగరం మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు చాలా బాగున్నాయి. రాసినవారు లిమా నుంచి విమానంలో వెళ్లి దిగారు. అడవి విడిదిలో రెండు రాత్రులు గడిపి, మొసలి పిల్లను చేత్తో పట్టుకుని ఫొటో దిగి, ఇది ప్రపంచంతో సంబంధమే లేని ఊరని తేల్చేశారు. నేను కాకినాడ పోర్టులో సరుకుల లెక్కలు రాసి రిటైరైనవాణ్ని. ఒక ఊరికి లోకంతో ఎంత సంబంధం ఉందో తెలియాలంటే ఆ ఊరి రేవులో నిలబడి ఏమి దిగుతోందో, ఏమి ఎక్కుతోందో చూడాలి. నేను చూసి వచ్చాను కనుక ఈ ఉత్తరం.

రోడ్డు లేదన్న మాట నిజం. నాలుగు లక్షలకు పైగా జనం ఉన్న ఆ ఊరికి దేశ రాజధాని నుంచి గానీ, మరే పెద్ద ఊరి నుంచి గానీ బస్సు రాదు. ఉన్న ఒక్క పెద్ద రోడ్డూ దక్షిణంగా సుమారు వంద కిలోమీటర్లు పోయి, నౌతా అనే చిన్న ఊళ్లో, మరన్యోన్ నది గట్టున ఆగిపోతుంది. మా అమ్మాయి వాళ్లు అమెరికాలో ఉంటారు. నాకు అమెరికా వీసా ఉండటంతో పెరూకు వేరే వీసా అక్కర్లేకపోయింది. "మావయ్యగారూ, రెండు గంటల్లో విమానం దింపేస్తుంటే మూడు రోజుల లాంచీ ఎందుకండీ?" అన్నారు అల్లుడుగారు. ఆయన విమానంలో వెళ్లారు. నేను తారపోతో దాకా విమానంలో వెళ్లి, అక్కడి నుంచి కొండ రోడ్డు మీద యూరిమాగ్వాస్ చేరి లాంచీ ఎక్కాను.

యూరిమాగ్వాస్ రేవులో ప్రతి లాంచీకీ ఒక నల్లబల్ల వేలాడుతుంది. ఈ రోజు తప్పక బయలుదేరును అని సుద్దతో రాసి ఉంటుంది. నమ్మనక్కర్లేదు. లోడు నిండితేనే కదులుతుంది. మా కాకినాడలో ఓడలు దూరంగా సముద్రంలో లంగరు వేసుకుంటే బార్జీలు సరుకు మోసుకెళ్లేవి. అక్కడ కూడా సమయం నిర్ణయించేది గడియారం కాదు, జట్టు కూలీల వీపులు. అందుకని నాకు విసుగు పుట్టలేదు. ఎక్కుతున్నవన్నీ చూస్తూ కూర్చున్నాను. కింది అంతస్తులో సిమెంటు, ఉల్లి బస్తాలు, కోడిగుడ్ల అట్టలు, బీరు పెట్టెలు, రేకులు, ఒక మోటారుసైకిలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. పై అంతస్తులో మనుషులు, ఎవరి ఊయల వారే కట్టుకుని. ఈ పక్క ఊయలలో ముసలమ్మ, ఆ పక్క ఊయలలో చంటిబిడ్డతో తల్లి. పడుకుంటే ముగ్గురి మోచేతులూ తగులుతాయి. మూడు పూటలూ గంట కొడతారు. గిన్నె ఎవరిది వారే తెచ్చుకోవాలి. అన్నం, అరటికాయ, కోడికూర.

ప్రవాహంతో పాటు దిగువకు పోయేటప్పుడు సరంగు నది నడుమన నడుపుతాడు. ఎగువకు వచ్చే లాంచీలు గట్టును ఆనుకుని వస్తాయి, అక్కడ వడి తక్కువ కనుక. రాత్రుళ్లు పెద్ద దీపం అటూ ఇటూ తిప్పుతూ కొట్టుకొచ్చే దుంగల కోసం చూస్తారు. దారిలో ఊళ్లకు రేవంటూ ఉండదు. లాంచీ ముక్కును బురద గట్టుకు ఆనించి పట్టుకుంటారు, ఒక పలక వేస్తారు, రెండు బస్తాలు దిగుతాయి, నాలుగు అరటి గెలలు ఎక్కుతాయి. ఆ కాస్తసేపట్లోనే ఆడవాళ్లు బుట్టలతో ఎక్కేసి వేయించిన చేప, అగ్వాహె పండ్లు, హువానేలు అమ్ముకుని దిగిపోతారు. హువానే అంటే అన్నం, కోడిమాంసం, గుడ్డు కలిపి బిహావో ఆకులో మూటగట్టి ఉడికించినది. విప్పగానే వచ్చే ఆకు వాసన మా కోనసీమ పొట్టిక్కలదే అనిపించింది. జూన్ 24న సెయింట్ జాన్ పండుగకు అది లేని ఇల్లు ఉండదట. మీ వ్యాసంలో విడిదివారు పెట్టిన పాస్తా గురించి ఒక పేరా ఉంది, హువానే ఊసే లేదు.

ఇక అసలు విషయం. ఇకిటోస్ నుంచి అట్లాంటిక్ సముద్రం అమెజాన్ నది దారిన మూడు వేల ఆరు వందల కిలోమీటర్లకు పైనే. ఊరి ఎత్తు మాత్రం సముద్ర మట్టానికి వంద మీటర్లు, కాస్త అటూ ఇటూ. లెక్క వేస్తే కిలోమీటరుకు సగటున మూడు సెంటీమీటర్ల వాలు. అంత సమంగా, అంత లోతుగా ఉన్న నది కనుకే అడవి రబ్బరు వ్యాపారం జోరుగా సాగిన రోజుల్లో లివర్‌పూల్ నుంచి బూత్ కంపెనీ స్టీమర్లు నేరుగా ఇకిటోస్ దాకా వచ్చేవి. అండీస్ పర్వతాలు దాటి సొంత రాజధానికి పోవడం కన్నా ఐరోపాకు పోవడమే అక్కడి ధనికులకు సులువు. పోర్చుగల్ నుంచి రంగు పలకలు తెప్పించి మేడల గోడలకు అతికించారు. నడిబొడ్డున కూడలిలో ఉన్న ఇనుప ఇల్లు ఐరోపా నుంచి ముక్కలుగా ఓడలో వచ్చిందే. దాన్ని పారిస్ టవర్ కట్టిన ఈఫిలే కట్టాడని మీ వ్యాసం నిర్ధారించింది. అక్కడి గైడ్లూ అదే చెబుతారు. చరిత్రకారులు మాత్రం ఒక మాట మీద లేరు.

ఆ మేడల డబ్బు ఎవరి ఒంటి మీద నుంచి వచ్చిందో కూడా రాయాలి కదా. పెరూ రబ్బరు వ్యాపారి హూలియో సేసర్ ఆరానా కంపెనీ లండన్‌లో రిజిస్టరైంది. దాని మనుషులు పుతుమాయో అడవుల్లో హుయితోతో, బోరా ఆదివాసీలను బానిసలుగా పట్టి, చాలినంత రబ్బరు తేకపోతే కొరడాలతో కొట్టి, ఆకలితో మాడ్చి, వేల మందిని చంపారు. బ్రిటిష్ కాన్సల్ రోజర్ కేస్‌మెంట్ 1910లో ఇకిటోస్ మీదుగానే అక్కడికి వెళ్లి విచారించాడు. 1912లో అతని నివేదిక వెలువడి కలకలం రేపింది. ఇదే కేస్‌మెంట్‌ను ఐర్లండ్ స్వాతంత్ర్యం కోసం పనిచేసినందుకు 1916లో బ్రిటన్ ఉరితీసింది.

అప్పటికే ఇకిటోస్ పని అయిపోయింది. 1876లో హెన్రీ విక్‌హామ్ బ్రెజిల్ అడవుల నుంచి ఓడకెత్తిన సుమారు 70 వేల రబ్బరు గింజల్లో రెండు వేలకు పైగా లండన్‌లోని క్యూ అనే తోటలో మొలిచాయి. ఆ మొక్కల సంతతే సింహళం, మలయా తోటలుగా పెరిగింది. తోటల రబ్బరు చవకగా వచ్చి పడేసరికి అడవి రబ్బరును అడిగే దిక్కు లేకపోయింది. ఆ మలయా తోటల్లో తెల్లవారకముందే లేచి చెట్లకు గీత పెట్టినవాళ్లలో అత్యధికులు తమిళులు. వాళ్లతో పాటు విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు. వారి సంతతి ఇప్పటికీ మలేషియాలో తెలుగు మాట్లాడుతోంది. అక్కడ అమెజాన్ రేవు పడుకోవడానికీ, ఇక్కడ మన పల్లెల కూలీలు ఓడ ఎక్కడానికీ మధ్య ఒకే చెట్టు ఉంది. లోకంతో సంబంధం లేని ఊరి కథ ఇలా ఉంటుందా?

ఇకిటోస్‌లోని బెలెన్ పేటను మీవారు అమెజాన్ వెనిస్ అన్నారు. అక్కడ ఎండకాలానికీ వరదకాలానికీ నది మట్టంలో పది మీటర్ల దాకా తేడా వస్తుంది. తేలికపాటి దుంగల మీద కట్టిన ఇళ్లు నీటితో పాటు లేస్తాయి. గుంజల మీద కట్టిన ఇళ్లవాళ్లు సామాను పైకి ఎత్తుకుంటారు. అదే నీళ్లలో మరుగుదొడ్డి, అదే నీళ్లలో పిల్లల ఈత. 2012 వరదలో ఆ పేటవాళ్లు పడిన అవస్థ తలచుకుంటే వెనిస్ పోలిక పెట్టబుద్ధి కాదు. మీ వ్యాసంలో ఊరి ముందరి వీధి నుంచి తీసి 'అమెజాన్ సూర్యాస్తమయం' అని వేసిన ఫొటోలో ఉన్నదీ అమెజాన్ కాదు, దాని ఉపనది ఇతాయా. అసలు నది కొన్ని దశాబ్దాల క్రితమే పక్కకు జరిగిపోయింది. కోరింగ రేవు మేట వేసిన కథ విని పెరిగినవాణ్ని, నది ఊరిని వదిలిపెట్టడం నాకు వింత కాదు.

రోడ్డు లేకపోవడం అక్కడివారికి వేడుకేమీ కాదు. 2020 ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్ రోగులకు ఆక్సిజన్ సిలిండర్లు దొరకక ఎందరో చనిపోయారు. చర్చి ఫాదర్లు చందాలు పోగుచేసి ఆక్సిజన్ ప్లాంటు కొనవలసి వచ్చింది. అలాగని రోడ్డు వస్తే అంతా బాగైపోతుందనీ అనలేను. నౌతా రోడ్డు వెంబడి అడవి నరికిన చోట్ల మలేరియా దోమ కాటు దట్టమైన అడవిలో కన్నా 278 రెట్లు ఎక్కువని పరిశోధకులు లెక్క తేల్చారు. నేను వచ్చిన మరన్యోన్ నదికే హక్కులున్నాయని 2024లో నౌతా కోర్టు తీర్పు చెప్పింది. చమురు పైపులైను లీకులతో విసిగిపోయిన కుకామా తెగ ఆడవాళ్లు వేసిన దావా అది. ఈ ఒక్క సంగతికి మీ అనుబంధంలో ఒక పేజీ ఇవ్వవచ్చు.

వెళ్లదలచినవారికి మీ వ్యాసం చెప్పని ముఖ్యమైన మాట ఒకటి. పెరూ వెళ్లడానికి కనీసం పది రోజుల ముందు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. టీకా వేశాక ఇచ్చే పసుపు కార్డు లేకుండా తిరిగి వస్తే మన విమానాశ్రయంలోనే ఆపి క్వారంటైన్‌కు పంపగలరు. ఊయల యూరిమాగ్వాస్ బజారులోనే కొనండి, తాడు రెండు మూరలు ఎక్కువే తీసుకోండి. ఇంజనుకూ మరుగుదొడ్లకూ దూరంగా చోటు కావాలంటే లాంచీ కదిలే రోజు కోసం ఆగకుండా, లోడు ఎక్కుతుండగానే వెళ్లి కట్టేసుకోండి.

ఇట్లు,
విశ్రాంత పోర్టు ఉద్యోగి,
కాకినాడ