చివర పొల్లు పెట్టి పలికించండి

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం బడి వదిలే వేళ గేటు దగ్గర ఒక తండ్రి బండి మీద కూర్చునే తన బాబుచేత స్పెల్లింగులు చెప్పిస్తున్నారు. "క్యాట్?" అనగానే ఆ ఒకటో తరగతి పిల్లాడు "సి, ఏ, టి, క్యాట్" అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. ముచ్చటేసింది. మర్నాడు తరగతిలో అదే బాబుకు సి, ఏ, పి ఉన్న కార్డు చూపించాను. ఒక్క క్షణం ఆగి "క్యాట్" అన్నాడు. మొదటి రెండక్షరాలు చూసి, మిగతాది జ్ఞాపకంతో పూర్తి చేశాడు. మాట కంఠతా వచ్చింది, చదవడం ఇంకా రాలేదు. ఆ తండ్రిగారి అనుమతితోనే ఇది రాస్తున్నాను, ఎందుకంటే ఇది ఒక్క ఇంటి సంగతి కాదు.

తెలుగులో అక్షరం పేరూ, దాని ధ్వనీ ఒకటే. 'త' పక్కన 'ల' ఉంటే 'తల'. ఇంగ్లిషులో అలా కుదరదు. అక్షరం పేరు 'సి', క్యాట్‌లో అది పలికేది 'క్'. పైగా ఉన్న అక్షరాలు 26, ధ్వనులు సుమారు 44. అందుకే ఎస్, హెచ్ జతకట్టి 'ష్' అవుతాయి; సి, హెచ్ కలిసి 'చ్' అవుతాయి. మన బడిలో పేర్లకంటే ముందు ధ్వనులు నేర్పుతున్నది ఇందుకే. ఏ నుంచి జడ్ దాకా వరసగా కాకుండా ఎస్, ఏ, టి, పి, ఐ, ఎన్‌లతో మొదలుపెడతాం. ఈ ఆరు ధ్వనులూ వస్తే చాలు, పిన్, ట్యాప్, సిట్, ప్యాన్, టిన్ అన్నీ పిల్లలు సొంతంగా కూడబలుక్కుని చదివేస్తారు.

అయితే ఇంట్లో సాధన చేయించేటప్పుడు ఒక పొరపాటు జరుగుతోంది. 'ప, ఇ, న' అని పలికిస్తున్నారు. వాటిని ఎంత వేగంగా కలిపినా 'పిన్' రాదు. మన లిపిలోనే దీనికి చక్కని గుర్తుంది కదా, పొల్లు! ప్, ఇ, న్. స్, మ్, న్ లాంటివి సాగదీసి పలకొచ్చు. ప్, ట్, క్ మాత్రం తుంచినట్టు పలకాలి, వెనక 'అ' రాకూడదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేనూ చాలా ఏళ్లు 'బ, అ, ట' అనే చెప్పాను. కలపలేక తడబడిన పిల్లల్లో తప్పు వెతికాను. అది తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అందుకే బస్ మన నోట బస్సయింది, పెన్ పెన్నయింది. మాట్లాడుకునేటప్పుడు అది తప్పేమీ కాదు, మన భాష తీరే అంత. కానీ మొన్న ఒక పాపను 'బస్' రాయమంటే చివర 'యు' చేర్చింది. తను రోజూ ఇంట్లో విన్నదే రాసింది. టీచర్ ఎర్ర పెన్నుతో కొట్టేయలేదు. "ఒకసారి బస్ అను, చివర ఏం వినబడింది?" అని అడిగారు. పాప రెండుసార్లు గొణుక్కుని, రబ్బరు తీసుకుని ఆ 'యు' తనే చెరిపేసింది. ఆ పేజీ దాచమని టీచర్‌కు చెప్పాను.

కాబట్టి నోట్‌బుక్కులో 'ఫోన్' ఎఫ్‌తో మొదలై కనబడితే కంగారు పడకండి. విన్న ధ్వనికి సరైన అక్షరమే వేశారు. పి, హెచ్ సంగతి తర్వాత వస్తుంది. 'సెడ్', 'వాజ్', 'ద' లాంటివి మాత్రం అక్షరాల వెంట నడవవు. వాటిని వారానికి మూడు చొప్పున విడిగా చెబుతున్నాం.

ఇంకో మాట. దసరా సెలవుల తర్వాత మీ పిల్లలు 'పిమ్', 'టిస్' లాంటి అర్థంలేని మాటలు చదివి వినిపించవచ్చు. టీచర్ పొరపాటు అనుకోకండి. ఇంగ్లండులో 2012 నుంచి ఒకటో తరగతి స్థాయి పిల్లలచేత ఇలా 40 మాటలు చదివిస్తారు, వాటిలో 20 ఏ అర్థమూ లేనివి. కంఠతా పట్టే వీలులేని మాటను చదివినప్పుడే చదువు వచ్చిందో లేదో తెలుస్తుంది.

అలాగని ధ్వనులతోనే సరిపోదు. 'ఫిగ్' అని తడుముకోకుండా చదివిన బాబుకు అది అంజూరపండని తెలియదు. అర్థం తెలుగులోనే చెప్పండి, నిస్సంకోచంగా. క గుణింతం వచ్చిన పిల్లలకు 'క్', 'ఇ' కలిస్తే 'కి' అని ముందే తెలుసు, ఆ పునాది ఇంగ్లిషుకూ పనికొస్తుంది. వంటింట్లో పది నిమిషాలు చాలు. "మ్‌తో మొదలయ్యేవి వెతుకు" అనండి. మూత, మిరపకాయ, మగ్గు, ఏదైనా సరే.

వచ్చే శనివారం మధ్యాహ్నం 3 గంటలకు ఒకటో తరగతి గదిలో టీచర్లు ధ్వనులన్నీ పలికి చూపిస్తారు. ఫోన్‌లో రికార్డు చేసుకోండి. పిల్లల్ని బడికి తీసుకొచ్చేది తాతయ్యో, అమ్మమ్మో అయితే వాళ్లనూ తప్పక రమ్మనండి. ఇంగ్లిషు రాకపోయినా ఇబ్బంది లేదు, పొల్లు తెలిస్తే చాలు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు