గడ్డంలో బుడిపె

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైందని తిట్టుకోకు. వారం రోజులుగా ఓ బుడిపె నా బుర్ర తినేస్తోంది.

చెట్ల కొమ్మలకి గడ్డంలా వేలాడే లైకెన్ ఉంటుంది చూడు, ఉస్నియా. దాని పోగు మెల్లగా లాగితే పై తొక్క తెగి, లోపల తెల్లటి దారం సాగుతుంది. నేనా సరదాలో ఉండగా పోగు మీద గులాబీ గోధుమ రంగు బుడిపెలు కనబడ్డాయి, ఆవగింజలంత. లైకెన్ కాయలు కాబోలనుకున్నాను. తీరా చూస్తే వేరే ప్రాణి! పేరు బయటొరాప్సిస్ ఉస్నియారమ్. పేరు మొదట్లో 'బయట' ఉంది గానీ, వాడు దూరింది లోపలికే.

లైకెన్ అంటేనే ఉమ్మడి కాపురం కదా. శిలీంద్రం ఇల్లు కడుతుంది, శైవలం ఎండతో వంట చేస్తుంది. 1869లో ష్వెండెనర్ అనే స్విస్ శాస్త్రవేత్త ఈ శిలీంద్రాన్ని యజమానితోనూ, శైవలాన్ని బానిసతోనూ పోల్చాడు. అలాంటి యజమానికే ఇప్పుడు దొంగ తగులుకున్నాడు. వాడూ శిలీంద్రమే! ఉబ్బిన కణం నుంచి సన్నటి పోగు చాచి, యజమాని పోగుకి తగిలించి తిండి లాగేస్తాడు. వంట చేసిన శైవలానికి ఈ గొడవేమీ తెలియదు, పాపం.

1934లో ఫిన్లండ్‌కి చెందిన రసనెన్ దీనికి పేరు పెట్టాడు. బయటొరా అనే లైకెన్‌ని పోలినదని ఆ పేరుకి అర్థం. అసలు చుట్టరికం జెల్లీ శిలీంద్రాలతో అని తర్వాత తేలింది. చూపులకి మోసపోయింది నేనొక్కణ్ణే కాదన్నమాట!

మనవాడు కాస్త మర్యాదస్తుడే. బుడిపె ఉన్నచోట పోగు వంకర తిరుగుతుంది గానీ గడ్డం బతికే ఉంటుంది. ఎథీలియా అరాక్నాయిడియా అనే ఇంకో శిలీంద్రం అలా కాదు, లైకెన్లని చంపి బెరడు మీద తెల్లటి వలయాలు మిగులుస్తుంది. లైకెన్ల మీదే బతికే శిలీంద్రాలు 2018 జాబితాలో 2000 ఉన్నాయట.

అసలు తిరకాసు ఇక్కడుంది. చాలా లైకెన్ల పై తొక్కలోనే ఈస్టులు (ఇవీ ఒంటికణం శిలీంద్రాలే) కాపురం ఉంటున్నాయని 2016లో టోబీ స్ప్రిబిల్ బృందం చూపించింది. ఆ ఈస్టుల దగ్గరి చుట్టాలేమో ఇంకొన్ని లైకెన్ల మీద బుడిపెలు కట్టే పరాన్నజీవులు! మరి వీళ్ళలో ఇంటివాళ్ళెవరు, దొంగలెవరు? నాకు తెగడం లేదు.

ఈసారి గడ్డం లైకెన్ కనబడితే, వంకర తిరిగిన పోగులే ముందు వెతుకు. భూతద్దం మర్చిపోకు.

నీ,
బుడిపెల పిచ్చోడు